పసిబిడ్డల తొలి పుస్తకము

ఒక జాతి తన భాషలో మహాకావ్యము లెన్ని గలవో లెక్కించుకొని గర్వించుట సహజము. ఆ జాతియే తన రెండేండ్ల బిడ్డ చేతికి ఏ పుస్తకము నిచ్చుచున్నదో విచారించుట అరుదు. కావ్యములకు విమర్శకు లున్నారు. నవలలకును నాటకములకును ఉన్నారు. అక్షరమాల బొమ్మల పుస్తకమునకు విమర్శకుడు లేడు. అది కొనబడును, చింపబడును, మరల కొనబడును. దానిలోని మాటలు తగినవా, బొమ్మలు తగినవా యని అడుగువా రుండరు. మనుష్యుడు తన జీవితములో మొట్టమొదట తెరచు గ్రంథ మిదియే. కనుక దీనిని గూడ సాహిత్యముగా నెంచి, గుణదోషములను విచారింప బూనుకొనుచున్నాము.

హైదరాబాదు నగరములో హిమాయత్‌నగరు, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగరు ప్రాంతములు చదువునకు పేరుపడినవి. ఉర్దూ ప్రాబల్యము గల నిజాము కాలమున, బాలికలకు తెలుగులోనే చదువు చెప్పవలెనని మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు 1928లో స్థాపించిన ఉన్నత పాఠశాల నారాయణగూడలోనే పెంపొందినది. ఉన్నతవిద్యకు తెలుగు పుస్తకములు సిద్ధము చేయుటకై 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ హిమాయత్‌నగరున నెలకొన్నది. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయ మున్నది. అశోక్‌నగరు వీధులలో ఉద్యోగపరీక్షల పుస్తకములు గుట్టలు గుట్టలుగా అమ్ముడగుచున్నవి. ఇంటర్మీడియటు విద్యార్థికి పుస్తకము గలదు. గ్రూపు పరీక్షకు కూర్చుండు యువకునికి పుస్తకము గలదు. ఇంతటి అక్షరసంపద నడుమ మూడేండ్ల బిడ్డకై తెలుగు పుస్తకము వెదకుచు పోయిన తల్లికి తరచుగా దొరకున దేమి? నిగనిగలాడు కాగితముపై యాబదియారక్షరములు, వాని ప్రక్కన యాబదియారు బొమ్మలు. తరతరములుగా మారని ఆ జాబితానే మేము మొదట పరీక్షింపదలచితిమి.

అచ్చులతో మొదలిడుదము. అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ, ఉడుత, ఊయల - ఇవి నిర్దుష్టములు. బిడ్డ నోట ముందే యున్న మాటలివి. బొమ్మ చూడగానే ఆ మాటయే వచ్చును. మాటలోని మొదటి ధ్వనియే అక్షరము. ఇంతకంటె చక్కని యేర్పాటు కోరదగినది కాదు. పిమ్మట ఎలుకయు ఏనుగును వచ్చును; ఇవియు బాగున్నవి. ఆ వెనుక 'ఐ' వచ్చును. అక్కడ ఐరావతము! దాని బొమ్మ తెల్లని యేనుగు. పసివాడు వ్రేలు పెట్టి 'ఏనుగు' అనును. వాడు చెప్పినది సత్యము. కాని పెద్దలు 'కాదు, ఐరావత' మందురు. ఔషధమనుచోట సీసా బొమ్మ యుండును; బిడ్డ 'మందు' అనును; అదియు కాదందురు. హల్లులలోనికి పోయినచో ఈ చిక్కు మరింత పెరుగును. ఖడ్గము చూపగా బిడ్డ 'కత్తి' యనును. ఘటము చూపగా 'కుండ' యనును. ఛత్రము చూపగా 'గొడుగు', ఝషము చూపగా 'చేప', ధనువు చూపగా 'విల్లు', ఫలము చూపగా 'పండు'. పుటపుటయందును బిడ్డ తెలుగు పలుకుచున్నది; పుటపుటయందును తప్పనిపించుకొనుచున్నది.

ఇది చిన్న దోషమని చదువరులు తలపరాదు. అక్షరము నేర్పబోయి మన మిచ్చట మరియొక పాఠము నేర్పుచున్నాము: ఇంటిలో అమ్మ నేర్పిన మాట పుస్తకములో చెల్లదని. మూడవయేట నాటుకొనిన ఈ భావము ముప్పదవయేట గూడ వదలదు. తెలుగులో ఉత్తరము వ్రాయుమన్నచో బెదరు విద్యావంతులు మన యిండ్లలో నెందరు లేరు? తన మాటకు పుస్తకములో చోటు లేదన్న సంకోచము వారికి తొలి పుస్తకముతోనే కలిగియుండవచ్చును.

ఇందులకు కారణము స్పష్టమే. ఒత్తక్షరములు విశేషముగా సంస్కృతపదములలో వచ్చునవి. అచ్చతెలుగు మాటలలో ఖ, ఘ, ఛ, ఝ లకు పని తక్కువ. అక్షరములన్నియు వరుస తప్పక మొదటి పుస్తకములోనే యుండవలెనని నియమము పెట్టుకొన్నవాడు వానికొరకు నిఘంటువు వెదకక తప్పదు. ఆ నియమమే అనవసరము. ఈ యూరి బిడ్డకు ఖర్జూరము తెలియును. ఫోను చెప్పనక్కరలేకయే తెలియును. అట్టి మాటలున్నచోట వానిని గైకొని, లేనిచోట ఆ యక్షరమును ఆరేండ్ల పుస్తకమునకు విడిచిపెట్టుట వివేకము. ఎన్నడును కంటబడని ౠ, ఌ, ౡ లను గోడమీది పటములో నిలిపి రెండేండ్ల పిల్లచేత వల్లె వేయించుటవలన ప్రయోజన మేమో మాకు తోచుట లేదు. బంగాళదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో 'వర్ణపరిచయ' రచించునప్పుడే దీర్ఘములైన ౠ, ౡ లను బంగాళీ వర్ణమాలనుండి తొలగించెను. విద్యాసాగరునివంటి సంస్కృతపండితుడు సాహసించిన పనికి మన ముద్రాపకులు నేటికిని జంకుచున్నారు.

ఇక మన 'పెద్దబాలశిక్ష'ను గూర్చి ఒక మాట. 1832లో పుదూరు సీతారామశాస్త్రిగారి 'బాలశిక్ష'గా మొదలిడి, ముద్రణముద్రణమునకును పెరిగిన ఆ గ్రంథముపై మాకు గౌరవము గలదు. అక్షరములు, గుణింతములు, చిన్నమాటలు, సామెతలు, తిథివారనక్షత్రములు, ఎక్కములు - ఒక సంసారికి వలయు జ్ఞానమంతయు ఒక్కచోట మూటగట్టిన పుస్తకమది. తెలుగునాట పెక్కు తరములవారు దానితోనే చదువరులైరి. అయితే అది పసిబిడ్డల పుస్తకము గాదు. ఉపాధ్యాయుని ముందు కూర్చుండగల యీడు వచ్చిన బాలునికై పుట్టినదది. నేడు దానిని రంగుల అట్టలతో ముద్రించి మూడేండ్ల పుట్టినరోజునకు బహూకరించుట చూచుచున్నాము. తాతముత్తాతలపై ప్రేమచేత చేయు పనియే యైనను, ప్రేమ బిడ్డ యీడు నెరుగవలెను. అరువది సంవత్సరముల పేర్లు అప్పగించిన బిడ్డను చూచి చుట్టములు మెచ్చుకొందురు. బిడ్డకు మాత్రము పుస్తకమనగా అప్పగింపవలసిన వస్తువను అభిప్రాయము కలుగును.

అట్లయిన అక్షరములు ఎప్పుడు, ఎట్లు నేర్పవలెను? ఈ విషయమున మన గృహములలో రెండు పక్షములున్నవి. ఒక పక్షమువారు అయిదవయేట అక్షరాభ్యాసమైన తరువాత గాని పలక ముట్టనీయరాదందురు. రెండవ పక్షమువారు మూడవయేటనే వ్రాత పుస్తకములు, ఇంటిపని, పరీక్షలు కోరుదురు; ప్రవేశమునకు వచ్చిన పసివానిచేత అక్షరములు చెప్పించుకొని చేర్చుకొను బడులు గలవని వినుచున్నాము. మా దృష్టిలో ఈ రెండు పక్షములకును మూలమున ఒకే పొరపాటున్నది: అక్షరము నేర్చుట యనగా వ్రాయుట యని యెంచుట. వ్రాత చేతిపని. మూడేండ్ల వ్రేళ్లకు బలపమును అదుపులో నుంచుకొను శక్తి చాలదు. చెవికిని కంటికిని అట్టి యడ్డంకి లేదు. చదువు మొదట చెవిలో పుట్టును, పిదప కంటికి వచ్చును, తుదకు చేతికి దిగును. ఈ క్రమము తలక్రిందు చేసినపుడే ఏడుపులు మొదలగును.

చెవి సంగతి మొదట చెప్పుదము. 1983లో బ్రాడ్లీ, బ్రయంట్ అను ఆంగ్ల పరిశోధకులు నాలుగైదేండ్ల పిల్లలను నాలుగువందలమందికి పైగా పరీక్షించిరి. మాటలలోని ధ్వనులు కలియునవి యేవో, కలియనివి యేవో గుర్తింపగలిగిన పిల్లలే కొన్నియేండ్ల తరువాత చక్కగా చదువగలిగిరని తేల్చిరి. మన యమ్మమ్మలు ఈ పరిశోధన చదువలేదు. అయినను చెమ్మచెక్క ఆడించునపుడును, ఒప్పులకుప్ప త్రిప్పునపుడును, గోరుముద్దలు పెట్టునపుడును ప్రాసలతో పలుకు పాటలన్నియు ఈ శిక్షణమే. గిడుగు వేంకట సీతాపతిగారు పిల్లలకై గేయములు రచించుటయు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 'బాలభాష'ను శ్రద్ధతో సేకరించుటయు ఈ నిధి విలువ తెలిసియే. అట్టి పాటలు వినక పెరిగిన బిడ్డకు అక్షరము చూపుట విత్తు లేని పొలమునకు నీరు పెట్టుటవంటిది.

తెలుగు లిపికి ఇచ్చట ఒక గొప్ప సౌకర్యము గలదు. ఇంగ్లీషులో అక్షరము పేరు వేరు, దాని ధ్వని వేరు. 'డబుల్యూ' అను పేరులో ఆ యక్షరపు ధ్వని వినబడనే వినబడదు. తెలుగులో 'మ' యన్నచో 'మ'యే. కావున మనకు ధ్వనితో నాడు ఆట వెంటనే చదువగును. 'మ'తో మొదలగు మాటలు చెప్పుకొందము రమ్మన్నచో, 'మామ' యని బిడ్డ యనగానే ఆ యక్షరమును చూపవచ్చును. అయితే సౌకర్యము వెంట కష్టమును గలదు. మనకు హల్లు హల్లునకును గుణింతములు, ఆపై ఒత్తులు. కంటికి గుర్తుండవలసిన రూపములు కొన్ని వందలు. తెలుగునకు సోదరియైన కన్నడలిపి విషయమున సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధనమువలన, పిల్లలు ప్రాథమికపాఠశాలలో నాలుగవ తరగతివరకు అక్షరరూపములను నేర్చుకొనుచునే యుందురని తేలినది. అనగా నాలుగేండ్ల బిడ్డకు గుణింతములన్నియు రాలేదని బెంగపడు తల్లిదండ్రుల బెంగకు ఆధారము లేదు. దారి పొడవైనది, మొదటి మైలులోనే పరుగెత్తించి బిడ్డను అలయింపరాదు.

చేతి విషయమున మనకొక పూర్వవైభవము గలదు. మన వీధిబడులలో ఓనమాలు ఇసుకలో వ్రేలితో దిద్దించెడివారు. పదునెనిమిదవ శతాబ్దాంతమున మద్రాసు అనాథబాలుర పాఠశాలను నడిపిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు దేశీయబాలురు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో తాను ప్రకటించిన గ్రంథముద్వారా ఇంగ్లండునకును తెలిపెను. 1907లో రోమునగరమున బాలగృహమును స్థాపించిన మారియా మాంటిసోరీ గరుకుకాగితముతో అక్షరములు కత్తిరించి, బిడ్డలచేత వానిపై వ్రేలు త్రిప్పించెను. ఆ మహనీయురాలు 1939లో మద్రాసునకు వచ్చి, యుద్ధకారణమున 1946వరకు మన దేశముననే యుండి, ఉపాధ్యాయులను తయారుచేసెను. గరుకుకాగితమును నేడు అధికరుసుమునకు కొనుచున్నాము. ఇసుకపళ్లెమును పాతకాలపుదని పారవేసితిమి. పళ్లెములో గుప్పెడు బియ్యపురవ్వ పోసి, బిడ్డ వ్రేలితో 'ర' గీయించుటకు ఖర్చేమున్నది? చెరిపిన చెరుగును, తప్పన్న మాట రాదు, అది ఆటగానే యుండును.

ఇక కలిసి చదువుట. ఈ విషయమున మన యిండ్లలో లోపము మెండు. కథ చెప్పు నలవాటు మనకున్నది. పుస్తకము తెరచి బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని చదువు నలవాటు తక్కువ. చదివినను బిడ్డ వినవలెను, పెద్దలు చదువవలెనను భావమే. 1988లో వైట్‌హర్స్ట్ మొదలగు అమెరికా పరిశోధకులు రెండేండ్ల ప్రాయపు బిడ్డల తల్లిదండ్రులకు వేరొక పద్ధతి నేర్పిరి: పుట చూపి బిడ్డనే అడుగుట, బిడ్డ చెప్పినదానికి మరి రెండు మాటలు చేర్చి తిరిగి చెప్పుట, మెచ్చుకొనుట. ఒక్క నెలలోనే ఆ బిడ్డలు తక్కినవారికంటె మాటలలో ముందంజ వేసిరి. రెండు బిడ్డలవర్గములకును పుస్తకములు చదివినవారే. భేదమెల్ల బిడ్డకు మాట్లాడు నవకాశ మిచ్చుటలో నున్నది. 2014లో అమెరికాలోని శిశువైద్యుల సంఘము పుట్టినది మొదలు బిడ్డకు చదివి వినిపింపుడని తల్లిదండ్రులకు చెప్పవలసినదిగా వైద్యులకు సూచించినది. టీకాలవలెనే పుస్తకమును శిశురక్షణలో చేరినదన్నమాట.

బిడ్డ మాటకు విలువనిచ్చు ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. న్యాయపతి రాఘవరావుగారును కామేశ్వరిగారును - తెలుగువారికి రేడియో అన్నయ్య, అక్కయ్య - మద్రాసు రేడియోలో నడిపిన పిల్లల కార్యక్రమమున పిల్లలే పాడిరి, పిల్లలే నాటకమాడిరి. 1945లో వారు స్థాపించిన 'బాల' పత్రిక పిల్లల చేతిలో నిలుచుటకే పుట్టినది. హైదరాబాదునకు తరలివచ్చిన పిమ్మట ఆ దంపతుల ఆంధ్ర బాలానంద సంఘము నెలకొనినది మన నారాయణగూడలోనే. 'బాల' పుటలలో ఉపదేశము లేకపోలేదు. అయినను ముందు నవ్వు, తరువాత నీతి యను మర్యాద ఆ పత్రిక పాటించినది. నేటి అక్షరమాల పుస్తకములను కూర్చువారు ఆ పాత సంచికలను ఒక్కమారు తిరుగవేసినచో తమ లోపమును తామే గుర్తింపగలరు.

పొరుగు భాషలో మరియొక నిదర్శనము గలదు. 1930లో రవీంద్రనాథుడు 'సహజపాఠ' రచించెను. నందలాల్ బోసు దానికి బొమ్మలు చెక్కెను. విశ్వవిఖ్యాతుడైన కవి, దేశములో అగ్రగణ్యుడైన చిత్రకారుడు, ఇరువురును అక్షరములు నేర్పు పుస్తకమును తమ స్థాయికి తక్కువగా తలపలేదు. మన మహాకవులలో ఎందరు అట్టి పనికి పూనుకొనిరి? పిల్లల పుస్తకము వ్రాయుట చేతగానివాని పని యన్న చిన్నచూపు పోనంతకాలము అక్షరమాల పుస్తకము ముద్రాపకుని గుమాస్తా కూర్చిన జాబితాగనే యుండును.

పరిస్థితి నిరాశాజనకమని మేము చెప్పుట లేదు. సికింద్రాబాదులోని మంచి పుస్తకము సంస్థవారు చిన్న వెలలకు తెలుగు బొమ్మల పుస్తకములు వెలువరించుచున్నారు. 2004లో ఏర్పడిన ప్రథమ్ బుక్స్ సంస్థవారు 2015నుండి స్టోరీవీవర్ అను పేర తెలుగుతోసహా అనేకభాషల కథలను ఉచితముగా చదువుకొన నిచ్చుచున్నారు. వీనిలో అనువాదములు కొన్ని తెలుగు నుడికారము లేక పొడిగా నుండుట నిజమే. అయినను పుటకు ఒక్క వాక్యము, వాక్యమునకు తగిన బొమ్మ యను సూత్రము పాటించిన పుస్తకములు లభించుటయే మేలు. ప్రభుత్వమును మేలుకొన్నది: 2018లో తెలంగాణమున పాఠశాలలలో తెలుగు తప్పనిసరి చేయుచు చట్టము వచ్చినది, 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక మూడునుండి ఎనిమిదేండ్లవారికి ఆటయే ప్రధానసాధనమని చెప్పినది. అయితే చట్టము బడి గుమ్మమువరకే వచ్చును. మూడేండ్లలోపు బిడ్డ యుండునది ఇంట. ఆ యింట తెలుగు అక్షరము ఆటవస్తువుగా దొరకనిచో, అయిదవయేట అది పరీక్షకు చదువవలసిన భారముగానే యెదురగును.

కనుక తొలి పుస్తకము కొనబోవు తల్లిదండ్రులు నాలుగు ప్రశ్నలు వేసికొందురు గాక. బొమ్మ చూడగానే మన బిడ్డ పలుకు మాటయే అక్కడ అచ్చయియున్నదా? ఆ మాటను గట్టిగా చదివినపుడు చెవికి ఇంపుగా నున్నదా? పుటపై బిడ్డ అడుగదగినది, చెప్పదగినది యేమైన నున్నదా? నూరవసారి చదువుమన్నను పెద్దలకు విసుగు పుట్టకుండునా? ఈ నాలుగింటికిని ఔననిపించిన పుస్తకము అట్ట చినిగినదైనను కొనదగినది.

పుస్తకము కొనలేనివారికిని దారి మూసియుండలేదు. బిడ్డ పేరులోని మొదటి యక్షరముకంటె ప్రియమైన పాఠము లేదు. నారాయణగూడనుండి చిక్కడపల్లికి నడచుదారిలో దుకాణముల పలకలన్నియు పుస్తకములే. ఆగిన బస్సు నుదుట తెలుగులో ఊరి పేరున్నది. అందులో తన యక్షరము కనిపించినచో కేరింత కొట్టని బిడ్డ యుండదు. చదువురాని ఆయా గూడ బొమ్మ చూపి కథ చెప్పగలదు, ప్రశ్న అడుగగలదు. ఆ పనికి ఆమెకు వలసినది పుస్తకము తెరచు ననుమతి మాత్రమే. ఆమె బిడ్డకును ఆ పుస్తక మొక వారము ఎరువిచ్చు గృహిణి పుణ్యాత్మురాలు. ఇది యంతయు తల్లి పనియని తండ్రులు తప్పుకొనరాదు. కచేరినుండి వచ్చి పత్రిక చదువుకొను తండ్రి పది నిమిషములు బిడ్డను ఒడిలో నుంచుకొని చదివినచో, చదువు మగవారికిని ఆడువారికిని సమానముగా తగిన సంతోషమని కొడుకును కూతురును ఒకేసారి నేర్తురు.

చిక్కడపల్లి గ్రంథాలయమువంటి చోట వారమునకొక సాయంకాలము, నేలపై చాప పరచి, పసిబిడ్డలను ఒడిలో నుంచుకొని పెద్దలు చదువుటకు ఒక గది కేటాయించుట అధికవ్యయముతో గూడిన పని కాదు. పరీక్షలకు చదువు యువకుల నిశ్శబ్దమునకు భంగము కలుగునందురేమో. తలుపు మూసిన చాలును. మన రచయితలు, చిత్రకారులు కలిసి ఈ యూరి బిడ్డల నోటిమాటలతో నొక అక్షరమాల పుస్తకము కూర్చిన నింకను మేలు. అందు ఐరావతము లేకపోయినను లోటు లేదు. బిడ్డ 'ఏనుగు' అన్నపుడు 'ఔను, ఏనుగే' యని బదులు చెప్పగల పుస్తకము కావలెను.